విప్పని మూట

"నా పాట మీద నువ్వెట్ల పాడినవ్ లక్ష్మీరాజం? గదొక్కటి చెప్పు."

"కూసో అన్నా. చాయ్ చెప్త."

"చాయ్ వద్దు ఏం వద్దు. చెప్పు."

జగిత్యాలలో ఇద్దరూ కలిసి నడుపుతున్న పాత టెంట్ల దుకాణం. ఠాణాలో పట్టుబడ్డ సామాన్ల వేలం ముగిసి మూడు రోజులైంది. సకల జనుల సమ్మె అయిపోయి అప్పటికి ఏడు నెలలు. సిరిసిల్లలో మగ్గాలు అమ్ముకొని ఈ వ్యాపారంలోకి దిగిన జనార్దన్‌కు ఆ మూడు రోజులూ కంటి మీద కునుకు లేదు. కథలాపూర్‌లో కూలికి పోయే లక్ష్మీరాజాన్ని చెయ్యి పట్టుకొని వేలాలకు తీసుకుపోయింది తానే మరి.

"పదేండ్లాయె మనం కలిసి. సికింద్రాబాద్ వేలాలల్ల వాపసొచ్చిన టెంట్లు, మిలిటరోళ్ళు వాడి పడేసిన సంచులు, బూట్లు, ఎన్ని కొన్నం? ఒకడు పాడితె ఇంకొకడు నోరు మూసుకోవాలె. గదేగద మన కట్టు?"

"గదే."

"మరి?"

"తప్పిందన్నా. ఒక్కపారి తప్పింది."

"తప్పలే. తప్పినవ్. అది ఉత్త టెంటా? మన కోరుట్ల దీక్ష టెంట్. పోలీసోళ్ళు పీక్కపోయిననాడు రోడ్డు మీద కూసోని ఏడ్సిన నేను. నువ్వు చూడలే?"

"చూసిన."

"దాని లోపటి దిక్కు ఏమున్నదో నీకెర్కలేదా?"

"జర మెల్లగ మాట్లాడన్నా. పక్కదుకాణపోళ్ళు ఇంటరు."

"ఇననియ్యి. దీక్షల కూసున్నోళ్ళ పేర్లున్నయి. సిక్ లీవ్ పెట్టి అచ్చి కూసున్న పంతుళ్ళు, కాంట్రాక్ట్ లైన్‌మన్లు. పేరు, ఊరు, నౌకరి, అన్ని మార్కర్‌తోని రాసిరి. ఒక్క ఆఫీసరు చూస్తె చాలు, అందరి నౌకర్లు పోతయి."

"రాయుమన్నది నువ్వేగద."

"నేనే. కాదంటున్ననా? తెలంగాణ అచ్చినంక గా బట్టను మ్యూజియంల పెడ్తరనుకున్న. గిట్ల ఠాణాల పడ్తదని కలగన్ననా? ఏడు నెలలు మూట విప్పకుండ మూలకు పడేసిరి, గది మన నసీబు. విప్పకుండనే వేలానికి పెట్టిరి. కొనుక్కొచ్చి కాలవెడ్దామంటె నడుమల నువ్వు దిగితివి."

"నువ్వు పాడుతున్నప్పుడు వేలం పెట్టిన గా హెడ్ కానిస్టేబుల్ మొకం చూసినవా?"

"ఎందుకు చూస్త? నా పానమంత మూట మీదనె."

"గదే చెప్తున్న. మనకు పోటీకచ్చిన పాతసామాన్లాయన రెండో పాటకే ఇడిసిపెట్టిండు. నువ్వు ఆగకపోతివి. నీ పాట మీద నువ్వే పెంచుకుంటివి."

"నేనా?"

"నువ్వే. చినిగిన టెంటుకు కొత్త టెంట్ ధర పెడ్తివి. గా హెడ్ కానిస్టేబుల్ 'ఏమున్నది గీండ్ల' అనుకుంట మూట తాడు మీద చెయ్యేసిండు. ఇంకొక్క పాట నువ్వు పాడితె విప్పుతుండె. గందుకే దిగిన. ఇద్దరు పంతానికి పోతున్నరనుకొని నవ్వి ఎన్కకు జరిగిండు."

"కతలు చెప్పకు. గట్లయితె గా దినమే చెప్పకపోదువా? మూడు దినాలు ఫోన్ ఎత్తకపోతివి. నిన్న కోరుట్లకు పోతె అందరు నన్నే పట్టుకున్నరు. లైన్‌మన్ జలపతి పెండ్లాం నా కాళ్ళ మీద పడ్డది. ఏం చెప్పాలె ఆమెకు? నా తోటోడే ఎత్కపోయిండని చెప్పాల్నా?"

"పని మీద ఉంటినన్నా."

"ఏం పని? నీ బామ్మర్ది నర్సింగం పేరు సుత ఉంది గద. గా ముక్క కత్తిరిచ్చుకొని, మిగిలిందెవనికన్న అమ్మినవా?"

"గంతమాట అనకు."

"అంట. నా కడుపు కాలుతున్నది. నా పేరు సుత ఉంది దాంట్ల. అందరికంటె ముందుగాల నేనే రాసిన. కేసైతె పోయేది నేను."

"ఊ."

"ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు."

"బట్టేది?"

"లోపటర్రల ఉంది. పొద్దుగాలనె తెచ్చిన."

"కాలవెట్టలే?"

"కాలవెడ్దామనె విప్పిన. మా ఇంటామె జమున వద్దన్నది. గంతమంది భయం పక్కకు పెట్టి రాసుకున్న పేర్లు, మనమెట్ల కాలవెడ్తం అన్నది. టెంట్లకు మాసికెలేసుడు మనకు రాదా? ఒక్కొక్క పేరు మీద ముక్క పెట్టి కుడుదాం, తెలంగాణ అచ్చినంక విప్పుదాం అన్నది."

"కుట్టిండ్రా?"

"కుట్టినం. తలుపులేసుకొని గదే పని, గందుకే ఫోన్ ఎత్తలే. జలపతిది కుట్టినం, పంతుళ్ళవి కుట్టినం. నర్సింగంది ఆఖరుకు కుట్టినం."

"గిది ముందుగాలనె చెప్పచ్చుగద లక్ష్మీరాజం. నేనేమో ఎన్ని మాటలంటి నిన్ను. మరి నాది?"

"నీదే మొదలు కుట్టాలని జమున పట్టు వట్టింది. మనకు బతుకుదెరువు చూపిచ్చినాయన అన్నది. ఇద్దరం మూల మూలకు ఎతికినమన్నా, కుట్లు విప్పి సుత చూసినం. లోపటికి రా. ఎక్కడ రాసినవో చూపియ్యి."