జర్మనీ రంపానికి రింగులు

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన సంజీవప్ప రేకుల షెడ్డు. పాత చైను రంపాలు బాగుచేసేది ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే, ఆ సంగతి అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. హైవే వెడల్పు పనులు మొదలైన ఏడాది, చలికాలంలో ఒక శనివారం పొద్దున, పెనుకొండ వైపు పల్లె నుంచి వచ్చిన పుష్పావతి ఆయన బల్ల ముందు నిలబడి ఉంది.

"పాతది పెట్టమ్మా ముందు. విరిగిన పిస్టను రింగు ఈ బల్ల మీద పెడితేనే కొత్తది చూపిచ్చేది. ఈ షెడ్డులో అదే పద్ధతి."

"తెచ్చినాన్నా. కొంగున కట్టుకోనుండా. ఇదో."

"కొంగున కట్టుకోనొస్తివా. శనక్కాయలనుకుంటివా? ఇట్లియ్యి. ఏ మిషను అంటివి?"

"జర్మనీదన్నా. మా మామ కాలం నాటిది."

"ఓ, అదా. ఫారెస్టోళ్ళు వేలమేస్తే మీ మామ పాడుకున్న్యాడు. నాకు తెలీకుండా ఏ మిషను ఏ ఇంట్లో ఉండాది? ఏనుగమ్మా అది. బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఆ ముసిలాయన పోతా పోతా దాన్ని నీ మొగుడు శామ్యూలు చేతిలో పెట్టిపాయ సూడు, అదే తప్పు."

"మా ఆయప్ప పనిమంతుడేన్నా."

"పనిమంతుడైతే రింగుల కోసం పెండ్లాన్ని బస్సులెక్కిచ్చడు. ముందు యాడ అడిగితివి? పెనుకొండలోనా?"

"ఆడ లేవన్నారు."

"ఉంటే కదా. మిక్సీలు, ఫ్యాన్లు ఇప్పి మళ్ళ బిగిచ్చలేనోడు బోర్డు మీద సకల యంత్రములు అని రాయిచ్చుకున్న్యాడు. వాడు ముట్టుకుంటే ఫ్యాను కూడా ఎనక్కి తిరుగుతాది. తర్వాత?"

"ధర్మవరం పోతి."

"మద్దిలేటి కాడికా?"

"ఊ."

"మగ్గాలకు నట్లు బిగిచ్చుకునేటోని కాడికి రంపం రింగుల కోసం పోయినావు. నీ తెలివికి దండం పెట్టల్ల. ఏమన్న్యాడు ఆ మహానుభావుడు?"

"ఒగ జత ఉన్నింది. ఇచ్చినాడు."

"ఇచ్చినాడా? ఇస్తే ఇంగ ఈడికి ఏమిటికొస్తివి?"

"అవి విరిగిపాయ. నువ్వు చూస్తాండేది అవే."

"విరుగుతాయి. మద్దిలేటి చేతి సామాను విరక్కుండా... ఉండు. ఉండుండు. ఇవి మిషనులో వేసి నడిపినారా?"

"ఎక్కిచ్చేటప్పుడే విరిగిపాయ."

"అదీ సంగతి. వీటికి రవ్వంత మసి లేదు. పొట్లంలో పూసిన నూనె కూడా అట్లనే ఉండాది. పిస్టను మొగమే చూడలేదు ఇవి. రెండూ సరిగ్గా నడుముకు విరిగినాయి, రొట్టె తుంచినట్ల. ఒగటి విరిగితే రెండోది జాగ్రత్తగా పట్టుకుంటాడు ఎవుడైనా. మీ ఆయప్ప రెండూ విరిచినాడా?"

"ఊ."

"స్క్రూడ్రైవరు పెట్టి మీటింటాడు, తిక్కనాయాలు."

"తిట్టొద్దన్నా."

"తిట్టక హారతి పట్టల్లనా? రింగు ఎక్కిచ్చేది చంటిబిడ్డకు గాజు తొడిగినట్ల ఉండల్ల. వీళ్ళకు చెట్టు పడగొట్టేది తెలుసు, మిషనును కూడా పడగొట్టేది తెలుసు. పెట్రోల్లో ఆయిలు కలపమంటే కలపరు. చైను సానబట్టమంటే పట్టరు. చెడిపోయినంక సంజీవప్పన్నా అంటా వస్తారు."

"సోమవారం నుంచి రోడ్డు పక్క చింతచెట్లు కొట్టేది మొదలన్నా. మిషనుండేటోన్నే పనిలో పెట్టుకుంటాడంట కాంట్రాక్టరు."

"అది నాకు చెప్తావా? అటకల మీద కోళ్ళు గుడ్లు పెట్టుకున్న మిషన్లన్నీ ఈ వారం ఈడికే వస్తాండాయి. నిన్న ఒగదాంట్లో ఎలక పిల్లలు పెట్టింది. దాన్ని తెచ్చినోడు ఏమంటాడు, రోంత దుమ్ము పట్టిందన్నా అంటాడు."

"నీ దగ్గర రింగులుండాయా, లేవా?"

"ఉండాయి. నా దగ్గర లేకుండా ఎట్ల పోతాయి? ఆ పైన పౌడరు డబ్బా దించు. మూత తీ. నూనె కాగితంలో సుట్టినాను చూడు."

"ఇవేనా?"

"అవే. కడా జత."

"ఇవి పోతే ఇంగ యాడా దొరకవా?"

"యాడ దొరుకుతాయి? పెనుకొండలో లేవు. ధర్మవరంలో ఉన్నేవి విరిచేస్తిరి. బెంగుళూరులో అడిగితే నవ్వుతారు. చేసిన కంపెనీవాడే ఆ మోడలు మర్చిపోయినాడు."

"గాండ్లపెంట సైడు ఎవురి కాడైనా?"

"గాండ్లపెంటలో జర్మనీ రింగా? ఆడ సైకిలు బెల్లు దొరికితే గొప్ప. ఏమిటికి తిప్పి తిప్పి అడుగుతావు? లేవంటే లేవు."

"సరేన్నా. కాగితం ఇప్పి ఒగసారి చూస్తా."

"మెల్లగా. పోత ఇనుము అది, గాజు లెక్క. వంచొద్దు. వంచొద్దంటాండా కదా... ఏయ్, ఏమ్మా, ఏమ్మా అది?"

"విరిగిపాయ."

"విరిగిపోలేదు, విరిచినావు. రెండోది కింద పెట్టు. పెట్టమంటాంటే... అది కూడా విరిచేస్తివా! తిక్క పట్టిందా నీకు?"

"వీటి దుడ్లు ఇస్తాన్నా."

"నీ దుడ్లు ఎవునికి కావల్ల? ఇరవై ఏండ్లుగా దాచిపెట్టినాను ఈ జతను. అమ్మమన్నోళ్ళకు కూడా అమ్మలేదు. ఉండు... ధర్మవరంవి కూడా నువ్వేనా?"

"నేనే."

"మొగుడు విరిచినాడంటివే."

"ఆయప్పా అట్లే అనుకుంటాండాడు. నేను ముందే విరిచి చేతిలో పెడితి. పిస్టను కాడికి తీసుకపోతానే, అయ్యో నీ చేతుల్లో విరిగిపాయ అంటి. నమ్మినాడు."

"ఎట్ల నమ్మినాడు? విరిగిన రింగు చేతిలో ఉంటే తెలీదా?"

"తెలీదన్నా. ఆయప్ప చేతులకు ఏదీ తెలీదు. పట్టుకున్నేదీ తెలీదు, విడిచిపెట్టిందీ తెలీదు."

"తిమ్మిర్లా? రంపం పట్టినోనికి తిమ్మిరి రాక చక్కలగిలి వస్తాదా? ఇప్పటి మిషన్లకు పిడి కింద రబ్బర్లు పెడతాండారు, పసిబిడ్డల ఉయ్యాలకు మల్లే. ఆ పాతదాంట్లో అదురంతా చేతుల్లోకే. అది మగోడు పట్టే మిషను."

"పట్టిన మగోనికి ఇప్పుడు అంగీ గుండీలు నేను పెడతాండా."

"వయసైతే అందరికీ..."

"వయసు యాడిదన్నా, నలభై దాటలేదు. పొద్దున్నే వేళ్ళు సున్నం పూసినట్ల తెల్లగైపోతాయి. అన్నం ముద్ద నోటి కాడికి పోయేలోపల జారిపోతాది. పోయిన ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తీసినాడు. పేజీ తిప్పేకి చాతగాలేదు. అందరూ రెండో పాట పాడతాంటే ఆయప్ప మొదటి పాట తెరుచుకోని, ఊరికే పెదాలు ఆడిచ్చుకుంటా నిలబడినాడు. నేను పక్క వరసలో ఆడోళ్ళ మధ్య ఉంటి. లేచిపోయి తిప్పితే పరువు పోతాదని తిప్పలేదు."

"డాక్టరుకు చూపిస్తిరా?"

"చూపిస్తిమి. ఇప్పుడు మిషను వదిలిపెడితే చేతులు రోంతైనా మిగుల్తాయంట. చింతచెట్లు కొట్టేకి పోతే ఇంగ ఆ చేతులు రావంట. డాక్టరుకేమి తెలుసు అంటాడు మా ఆయప్ప."

"ఆ ఒగ మాట మాత్రం నిజమే. డాక్టరుకేమి తెలుసు?"

"పోయిన నెల కొమ్మ కోస్తాంటే రంపం జారి పంచె కోసింది. తొడకు రవ్వంతలో తప్పిపాయ. గుడిబండలో కట్టెల డిపోకు కాపలా మనిషి కావల్లంటే మా తమ్ముడు మాట్లాడి పెట్టినాడు. పోనంటాడు. కట్టె కోసిన చేత్తో కట్టెకు కాపలా కాసేది సిగ్గంట."

"సిగ్గే మరి."

"నువ్వు కూడా అట్లనే మాట్లాడు."

"అట్లనే మాట్లాడతా. ఇంగోటి చెప్తా విను. నాలుగు రింగులు విరిచి పెద్ద ఘనకార్యం చేసినాననుకుంటాండావు. లూనా మోపెడ్ రింగుల జత తెచ్చి, సానరాయి మీద రుద్ది, కొలతకు తెచ్చి నేను ఎక్కిస్తా ఆ జర్మనీదానికి. మాపటికల్లా గర్జిస్తాది. నువ్వు విరిచేవి విరుస్తా ఉండు, నేను చేసేవి చేస్తా ఉంటా."

"అట్ల కూడా చేయొచ్చా?"

"అందురికీ రాదు. నాకొచ్చు."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆయప్ప ఇప్పుడే వస్తాండాడు. నువ్వు తెచ్చేవన్నీ విరుగుతాండాయి, నేనే పోయి సంజీవప్ప చేత ఎక్కిచ్చుకుంటానని మిషను ఎత్తుకోని వెనక బస్సుకు బయల్దేరినాడు. కాదని చెప్పన్నా."

"రింగుల్లేవని చెప్తా. అది నిజమే, నీ పుణ్యాన."

"లూనాది వేయమంటే?"

"వేస్తా."

"నాతో కాదని ఒగ మాట చెప్పేకి నీకేమి పోతాదన్నా?"

"ఏమి పోతాదా? ఈ షెడ్డులోకి వచ్చిన మిషను ఏదీ మూగగా బయటికి పోలేదు. పెనుకొండోడు వదిలేసినవి, మద్దిలేటి చెడగొట్టినవి, అన్నీ ఈడ లేచి అరిచినాయి. నాతో కాదు అనే మాట ఈ నోట్లో నుంచి ఇంతవరకు రాలేదు. నీ మొగునికి బుద్ధి చెప్పుకునేకి చాతగాక నా నోరు అడుగుతాండావా? మిషను చేసేది నా పని. దాన్ని ఎవుడు పడతాడు, వాని చేతులేమైతాయి, నాకెందుకు?"

"ఎందుకులే. నీకు మిషన్లే మనుషులు."

"మనుషుల కంటే నయం. ఆటో వస్తాండాది, దాంట్లో రంపం కనపడతాండాది. ఆ తడిక ఎనక్కి పో. గమ్మునుండు."

శామ్యూల్ మిషను భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

"సంజీవప్పన్నా, బాగుండావా?"

"నేను బాగుంటే నీకేమి, లేకుంటే నీకేమి. దాన్ని అట్ల నేలకేసి కొట్టొద్దు. మెల్లగా దించు."

"జారిందన్నా."

"అన్నీ జారేవే మీకు."

"మా పుష్పావతి వచ్చిందా ఈడికి?"

"వచ్చింది. రింగుల్లేవంటి. బజారుకు పోయింటాది."

"ఒగ జత నేనే విరిచేస్తి. ఎట్ల విరిచినానో నాకే తెలీదు. మాయదారి చేతులు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్ల. చేతులకేమైంది?"

"ఏమి లేదు. సలికాలం కదా, రోంత మొద్దుబారతాయి. ఎండ పడితే సరిపోతాది."

"గుడిబండలో కాపలా పని ఉండాదంట కదా."

"ఎవురు చెప్పినారు? పుష్పావతా? దాని మాట వదిలెయ్యన్నా. కుర్చీలో కూచ్చోని కట్టెలు ఎంచేది మగోని పనా? నువ్వైతే పోతావా?"

"నేను పోను."

"అట్ల చెప్పు. నీకు తెలుసు, దానికి తెలీదు."

"నాగక్కా, నీ అంగట్లోంచి రెండు టీ తెచ్చియ్యమ్మా... ఏమే నాగక్కా, టీ తెచ్చినావా, నిప్పులు తెచ్చినావా? స్టీలు గ్లాసుల్లో పోయొద్దంటే వినవు కదా. పట్టుకునేకి లేదు. బల్ల మీద పెట్టిపో. ఉండప్పా శామ్యూలూ, టవలిస్తా. ఇది యాడ పెడితినో..."

"టవలెందుకన్నా? మిషను సంగతి చెప్పు. నిన్న ధర్మవరం పోయి మద్దిలేటిని కలిస్తి."

"వానికి ఇంగ పనేముంది. ఏమని కూసినాడు?"

"నీ గురించే. లూనా రింగు రుద్ది జర్మనీదానికి ఎక్కిచ్చేది సంజీవప్ప ఒగనికే వచ్చు, నాకు రాదు, ఆయప్ప కాడికే పో అన్న్యాడు."

"మద్దిలేటా?"

"మద్దిలేటే. షాపులో నలుగురున్న్యారు. వాళ్ళ ముందరే అన్న్యాడు."

"నా పేరెత్తితే ఉమ్మేసేటోడు."

"ఇన్నేండ్లకు ఒప్పుకున్న్యాడు సూడన్నా."

"ఇన్నేండ్లకు... శామ్యూలూ, గ్లాసు అట్ల పట్టుకున్న్యావేమప్పా?"

"ఎట్ల?"

"పిడికిలి నిండా పట్టుకోనుండావు. కాలలేదా?"

"ఏమి కాలేది? సల్లగుండాది కదా. నాగక్క సల్లారిన టీ తెచ్చింది."

"పొగ వస్తాండాదప్పా దాంట్లోంచి."

"వస్తాండాదా? ఏమో. నువ్వు చెప్పు, సోమవారానికి అవుతాది కదా?"

"గ్లాసు కింద పెట్టు."

"పెడతాలే."

"పెట్టు అంటాండా కదా. తోలు ఎర్రగైపాయ."

"పెట్టినా. ఇంగ చెప్పన్నా. నువ్వు కాదంటే నాకు ఇంగో దారి లేదు. అవుతాదా, కాదా?"

"మళ్ళ ధర్మవరం పోతే, ఆ నలుగురి ముందరే మద్దిలేటికి చెప్పప్పా. సంజీవప్పకూ చేతగాలేదని."