కడ్డీ చుట్టూ నల్ల గీత

మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి. తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలా ఉండే పోచయ్య తుంటి విరిగి, తొడ ఎముకలో లోహపు కడ్డీ వేయించుకుని పద్నాలుగు వారాలైంది. కడ్డీ ఎముకకు అతుక్కోలేదు. ఎక్స్‌రే ముందు డాక్టర్ ఉమాశ్రీ, పోచయ్య, ఆయన కూతురు రజిత.

“మళ్లీ అడుగుతున్నాను పోచయ్య గారూ. ఆరు వారాలు ఆ కాలు మీద బరువు వేయొద్దన్నాను. వేశారా, లేదా?”

“ఎయ్యలే డాక్టరమ్మా.”

“కుర్చీలోంచి లేచి మొదటి అడుగు వేస్తే తొడలో నొప్పి. నాలుగడుగులు నడిస్తే కాస్త తగ్గుతుంది. అంతేనా?”

“మీకెట్ల తెల్సు? నేనింక చెప్పనే లేదు.”

“ఇదిగో, కడ్డీ చుట్టూ ఈ నల్ల గీత. ఇది ఉండకూడదు. కడ్డీ పైన గరుకు పూత ఉంటుంది. ఎముక దాంట్లోకి పెరిగి పట్టుకోవాలి. ఈలోపల కదిలిస్తే ఇక పట్టదు. మొక్క నాటి రోజూ పీకి చూస్తే వేరు పడుతుందా?”

“నేను పీకలే డాక్టరమ్మా.”

“బాపు, నిజం చెప్పు. నేను ఆఫీసుల ఊడ్వనీకి పోయినంక లేచి తిరిగినవా?”

“నువ్వు సుత అడుగుతున్నవా రజితా?”

“ఇంట్ల కూసోమంటె నీ కాలు ఆగుతదా? నాకెర్క లేదా?”

“చీము పట్టిందేమోనని రక్తపరీక్ష చేయించాం. ఏమీ లేదు. ఇక మిగిలింది ఇదొక్కటే. కేస్ షీట్‌లో అదే రాస్తున్నాను.”

“ఏమని?”

“‘చెప్పింది వినకుండా ముందే నడిచారు’ అని.”

“గట్ల రాస్తే ఏజెన్సోళ్లు నన్ను మల్ల గేటు కాడికి రానియ్యరు. రాయకుండ్రి.”

“ముందు కాలు సంగతి చూడండి. మళ్లీ కోయాలి. ఈ కడ్డీ తీసి ఇంకోటి వేయాలి.”

“కోస్తే కోయుండ్రి. అబద్దం రాయకుండ్రి. రజితా, సంచిలకెల్లి పుస్తకం తియ్యి.”

“గా పుస్తకమా? వద్దు బాపు, మేడం నవ్వుతది.”

“తియ్యి.”

“ఏం పుస్తకమండీ?”

“గేటు పుస్తకం మేడం. ఇరవై ఏండ్లు వచ్చెటోళ్లను, పోయెటోళ్లను రాసిండు కదా, మంచం మీద పన్నా చెయ్యి ఆగలే. బాత్రూంకు పోతే టైం, వస్తే టైం. మా అత్తమ్మ చూడనీకొస్తె సంతకం పెట్టుమన్నడు.”

“పెట్టిందా లేదా?”

“పెట్టింది. నెల దినాలు నాతోని మాట్లాడలే.”

“ఇటివ్వండి. ‘పేరు: పోచయ్య. పని: బాత్రూం. పోయింది ఆరు నలభై. వచ్చింది ఆరు యాభై రెండు. వెంట: వాకర్, రజిత.’ రోజూ ఇలాగేనా?”

“నలభై రెండు దినాలు. ఒక్క లైను ఇడ్వలే.”

“ఇదేంటి, పంతొమ్మిదో రోజు? ‘కరెంటు పోయింది. వాకర్ దొరకలేదు. దెబ్బకాలు ఒకసారి నేలకు ఆనింది. తప్పయింది.’ కింద సంతకం కూడా.”

“ఆనింది డాక్టరమ్మా. ఒక్క పారి.”

“ఎవరూ చూడలేదుగా. ఎందుకు రాశారు?”

“తప్పయితె సుత రాయాలె గద. రాయకుంటె గేటు కాడ పుస్తకమెందుకు?”

“మేడం, ఒక్క పారి ఆనితె గింత పని అయితదా?”

“లేదు. ఒక్కసారికి కాదు.”

“మరి?”

“ఉండమ్మా, చూడనివ్వు.”

“ఇంకెవలికన్న గిట్లనే అయ్యిందా?”

“పోయిన నెల కూకట్‌పల్లి నుంచి పుణ్యవతి గారని ఒకావిడ వచ్చారు. అంతకుముందు గోపన్‌పల్లి నుంచి ఒకాయన.”

“వాళ్లు నడిచిన్రా?”

“నడవలేదనే అన్నారు. ఆవిడైతే ఏడ్చారు. ‘నేను మంచం దిగితే ఒట్టు’ అని.”

“మీరేం రాసిన్రు?”





“నడిచారనే రాశాను.”

“కంప్యూటర్ల ఏం చూస్తున్నరు డాక్టరమ్మా?”

“వాళ్ల ఫైళ్లు. కడ్డీ వచ్చిన పెట్టె మీది స్టిక్కర్ ఫైల్లో అంటిస్తాం. ఒకేసారి తయారైన వాటన్నిటికీ ఒకటే బ్యాచ్ నంబరుంటుంది. ఆవిడది నాలుగు వందల పదిహేడు. ఆయనది... నాలుగు వందల పదిహేడు.”

“బాపుది?”

“అదే.”

“అంటె మా బాపు తప్పు లేదు.”

“ఒక్క నిమిషం రజితా. ఆపరేషన్ థియేటర్ స్టోరుకు ఫోన్ చేస్తున్నాను. హలో, రమేష్? ఉమాశ్రీని. స్పీకర్లో పెట్టాను, గట్టిగా చెప్పు. తుంటి కడ్డీలు, బ్యాచ్ నాలుగు వందల పదిహేడు. మనకు ఎన్ని వచ్చాయి?”

“చూస్తున్నా మేడం. పదిహేను.”

“ఎన్ని వేశాం?”

“రిజిస్టర్లో పద్నాలుగు ఉన్నాయి మేడం.”

“మిగిలిన ఒక్కటీ తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎవరడిగినా ఇవ్వొద్దు.”

“అది పొద్దున్నే ఇచ్చేశాను మేడం. సర్జన్ ఆదర్శ్ సార్ అడిగితే. రెండో థియేటర్‌కి, వీరలక్ష్మి గారనే పేషెంట్‌కి వేయడానికి. ఇంకా రిజిస్టర్లో ఎక్కించలేదు.”

“ఆపమని చెప్పు. పరుగెత్తు రమేష్, ఇప్పుడే చెప్పు.”

“కుట్లు కూడా వేసేశారు మేడం.”