వెల్దుర్తి హవల్దారు బీఏ చదువు

ఏంది శ్రీకరూ, కాలేజీ మానేస్తానంటున్నావంట, మీ అమ్మ చెప్పింది. నాలుగేళ్ళు మిలట్రీలో చేసొచ్చినోడివి, పిల్లకాయలు అంకుల్ అన్నారని అలిగితే ఎట్టా? కూర్చో. మా వెంకట్రామయ్య సంగతి నీకెవరూ చెప్పలా? వెల్దుర్తాయన. హవల్దారుగా రిటైరయ్యి, ముప్ఫై అయిదేళ్ళప్పుడు నరసరావుపేట వచ్చి మాతోపాటు బీఏలో చేరాడు. అది డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. అప్పట్లో పేటలో సినిమా హాళ్ళు... సరే, అది తర్వాత. మొదటి రోజు ఆయన క్లాసులో అడుగుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు, ఇంత మీసం. కొత్త లెక్చరరేమో అని అరవైమందిమీ లేచి నిలబడ్డాం. ఆయన తలొంచుకుని పోయి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. మేమింకా నిలబడే ఉన్నాం. హాజరు పిలిస్తే మడమలు టపీమని కొట్టి ‘ప్రెజెంట్ సార్’ అని గర్జించేవాడు, ముందు బెంచీలో గ్రేస్ అనే అమ్మాయి చేతిలో పెన్ను కింద పడేది. ఇక ఆయనతో ఎవడు మాట్లాడతాడు? కాంటీన్‌కొస్తే సిగరెట్లు ఆర్పేసి, ‘నమస్తే సార్’ అని తలో దిక్కు జారుకునేవాళ్ళం. తర్వాతెప్పుడో చెప్పాడు, ‘మంచులో ఆరుగురం ఒకళ్ళకొకళ్ళం ఆనుకుని పడుకున్నోణ్ణి, ఒక్కణ్ణే కూర్చుని టీ తాగటం నా వల్ల కాలేదురా’ అని. చదువు మానేసి వస్తన్నానని ఇంటికి ఉత్తరం కూడా రాసేశాడు.

ఆ వారమే కాలేజీ డే. మా నాటకంలో నాట్యగత్తె వేషం కట్టాల్సిన జయకృష్ణకి గవదబిళ్ళలొచ్చి మొహం ఇంత వాచింది. ఆడపిల్లలు మాతో స్టేజీ ఎక్కే రోజులు కావయ్యా అవి. తలలు పట్టుకుని కూర్చుంటే వెనకనుంచి వెంకట్రామయ్య, ‘నేను వెయ్యొచ్చా?’ అన్నాడు. ‘సార్, అది ఆడవేషం సార్.’ ‘తెలుసు. మా రెజిమెంట్లో పండగ విందంటే డాన్సు నాదే.’ మీసం తీసేశాడయ్యా, పదిహేనేళ్ళ మీసం. చీర కూడా ఆయనే ఊరెళ్ళి, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి పెట్టెలోంచి తెచ్చాడు. కొప్పు, పూలు, నడుం తిప్పుకుంటా వస్తే హాలంతా ఈలలు. ప్రిన్సిపాలు గారైతే పక్కాయన్ని ‘ఏ గ్రూపమ్మాయండీ?’ అని అడిగాడంట. అప్పుడే ఆడవాళ్ళవైపు నుంచి ఒకావిడ లేచింది. పార్వతమ్మగారు, ఆయన భార్య. ఉత్తరం చూసుకుని, సామాను సర్దించి తీసుకుపోదామని బస్సు దిగింది. ఇక్కడ ఆయన అద్దె రూముకి తాళం ఉంటే వెతుక్కుంటా కాలేజీకొచ్చింది. ‘ఏమే, అది నా పెళ్ళిచీర. నీకెట్టా వచ్చిందే?’ అంటా నేరుగా స్టేజీ మెట్లెక్కింది. ఆయన హడలిపోయి, అటెన్షన్‌లో బిగుసుకుని, ‘పార్వతీ, నేనే’ అన్నాడు, ఆ హవల్దారు గొంతుతోనే. ఆవిడ ఆ బోడి మూతి వంక తేరిపార చూసి, ఇక నవ్వటం మొదలుపెట్టిందీ, మెట్లమీదే కూలబడింది. ఆయనా నవ్వాడు. ఎవడో వెనకనుంచి, ‘ఒరేయ్ వెంకట్రామయ్యా, ఒన్స్‌మోర్ రా’ అన్నాడు. మళ్ళీ ఆడాడు. కాటుకంతా చెంపలమీదికి కారింది, నవ్వుకో, దేనికో.

పార్వతమ్మగారు తిరిగి పోలా. ఆ చిన్న రూములోనే కాపురం పెట్టింది. ఆదివారమైతే మేం పదిమందిమి అక్కడే, ఆవిడ కలిపిన గోంగూరన్నం ముద్దల కోసం కొట్టుకుంటా. ఆయన మూడేళ్ళలో పాసయ్యాడు, నాకు నాలుగు పట్టింది. ఆయన పోయి పదకొండేళ్ళు. అదిగో, గోడమీద గ్రూపు ఫోటో. పెద్దోడివని లెక్చరర్ల పక్కన కుర్చీ వేస్తే వద్దని, కింద మఠం వేసుకుని పళ్ళన్నీ బయటపెట్టినాయన. ఆయన భుజం మీద చెయ్యేశాడే, ఆ బక్కోడు, ఒన్స్‌మోర్ రా అని అరిచింది వాడే... వాడి పేరూ... ఉండు, నోట్లోనే ఉంది...