తీసేసిన మాటలు

హలో… ఆ, నేనేనమ్మా. ఇందాకటి నుంచి నాలుగుసార్లు చేసింది నేనే… పేపర్ ఆఫీసు నుంచి… కాదు, ఫోటో కోసం కాదు. పెట్టెయ్యకండి… మీ మాటలు అచ్చెయ్యడానికీ కాదు. ఒక్క నిమిషం వినండి…

నేను రిపోర్టర్ని కాదమ్మా. మీ నంబరు ఇచ్చింది మా రిపోర్టరు. నేను డెస్కులో ఉంటాను. వాళ్ళు పంపిన వార్త దిద్దే పని… ఆ. గోడౌన్ కూలిన వార్త నేనే దిద్దాను. పొద్దున ఫోన్లో మీరు చదివింది నేను రాసిన ముక్కే.

అది తప్పు.

… ఏడుగురు చనిపోయారన్నది తప్పు. ఆరుగురు… ఉండండి, ఉండండి. బతికున్నాడని నేను అనలేదు. అలా అనుకోకండి… అయ్యో, పోయాడనీ అనలేదమ్మా. దొరకలేదు. మీ ఆయన ఇంకా దొరకలేదు. నాకు తెలిసింది అంతవరకే…

ఎక్కడున్నారిప్పుడు?… ఆసుపత్రిలోనా. మార్చురీ బయట… ఆరుగురినీ చూశారా?… వాళ్ళలో లేడు కదా… ఏడోది దారిలో ఉందని ఎవరన్నారు?… ఆసుపత్రి గుమస్తానా. ఆయనకెవరు చెప్పారు?… మా వార్త చూసి చెప్పాడన్నమాట. దారిలో ఏదీ లేదమ్మా. అక్కడినుంచి ఏ బండీ బయల్దేరలేదు. … కాగితమేదో ఇచ్చాడా? దాని మీద సంతకం పెట్టకండి… పెట్టేశారా. సరే. పోనివ్వండి. అది తర్వాత చూద్దాం.

ఇప్పుడు నేనడిగేది… హలో? ఎవరూ?… మరిదిగారా… తిట్టండి. వింటున్నాను… రిపోర్టరు తప్పు కాదు, నాదే… ఎలా చేశావంటే ఏం చెప్పను తమ్ముడూ. మా వాడికి మాటల పొదుపు లేదు. 'అక్కడికక్కడే ఘటనాస్థలంలోనే దుర్మరణం పాలై మృతి చెందారు' అని రాస్తాడు. మనిషి ఒక్కసారి పోతే వాడి వార్తలో రెండుసార్లు పోతాడు. ఇరవై రెండేళ్ళుగా నా పని అవి కొట్టెయ్యడమే. ఆఫీసులో నా పేరు కత్తెర… పొద్దున కూడా అంతే. 'ఆరుగురు మృతి చెంది చనిపోగా, ఇంకా ఇప్పటివరకు జాడ తెలియని మరో ఒక వ్యక్తి సైతం కూడా శిథిలాల కిందే చిక్కుకుని ఉన్నట్లు తెలియవచ్చింది' అని వచ్చింది. ఎప్పుడూ ఉండే చెత్తే అనుకున్నాను. కొట్టేసుకుంటూ పోయాను. చివరికి 'శిథిలాల కింద ఏడుగురి మృతి' అని నాలుగు మాటలు మిగిలాయి. బాగా కుదిరింది అనుకున్నాను కూడా.

… నిజమే. అంతకంటే పెద్ద మాటే అనొచ్చు మీరు. సాయంత్రం ఆఫీసుకొచ్చి అనండి, కుర్చీ వేసి వింటాను. ఇప్పుడు మీ వదినగారికివ్వండి. టైం లేదు తమ్ముడూ. పన్నెండు నిమిషాలుంది…

అమ్మా… ఏడవొద్దని అనను. ఏడుస్తూనే వినండి. గోడౌన్ మధ్యలో గోడ ఒక్కటి నిలబడి ఉంది. వాలుతోంది. మిషనుతో దాన్ని పడగొట్టాలి, లేకపోతే తవ్వేవాళ్ళ మీద పడుతుంది. ఎటు పడగొడితే అటున్నదంతా నలిగిపోతుంది. ఏడుగురూ పోయారని పేపర్ వెబ్‌సైట్లో కూడా వచ్చింది, ఇంకా దేనికి చూస్తున్నారు అని గోడౌన్ ఓనరు తొందరపెడుతున్నాడట. ఫైర్ ఆఫీసరు ఒంటిగంట దాకా ఆగుతానన్నాడు. ఆయనకి కావాల్సింది ఒక్కటే. కూలేటప్పుడు మీ ఆయన ఏ వైపు ఉన్నాడు?

… తెలీదా… రోజూ ఎక్కడుంటాడు?… ఆ, కరెంటు పనంటే ఒక చోటని ఉండదు… పొద్దున మీకు ఫోన్ చేశాడట కదా. ఎన్నింటికి?… తొమ్మిదీ పదికి. కూలింది తొమ్మిదింబావుకి. ఏమన్నాడు?

… పనిలో ఉన్నానన్నాడు. ఇంకా?… ఇంకేం లేదంటే కుదరదమ్మా. మీరు సారం చెప్తున్నారు. నాకు సారం వద్దు. ఆయన అన్న మాట అన్నట్టే కావాలి. హలో దగ్గర్నుంచి…

… చెప్పిందే చెప్తాడా… మా రిపోర్టరు లాంటివాడే అయితే. ఆ చెప్పిందే చెప్పడం కూడా చెప్పండి. అనవసరం అనుకోకండి. ఏది అనవసరమో మనకి తెలీదు. ఒక్క మాట వదలకండి…

ఆ… ఆ… 'మీటరు గదిలో ఉన్నాను'… ఊఁ… తర్వాత?… మళ్ళీ అనండి. 'గదిలో అంటే గదిలో కాదు, లోపల గదిలో, మీటర్ల వెనక లోపలి గదిలోపల'… అలాగే అన్నాడా? లోపల లోపల అని?… మీరు నవ్వారా… ఎన్ని లోపలలయ్యా బాబూ అన్నారా… సరే, సరే. ఏడవండి. తర్వాత?… 'ఇక్కడ వంగి నిలబడాలి, నడుం పోతోంది'… అంతేనా? అంతే కదా?

లైన్లో ఉండండి. రెండో ఫోన్లో మా రిపోర్టరున్నాడు, ఆఫీసరు పక్కనే…

— ఒరే, విను. మీటరు గది ప్లానులో ఉందా?… ఏ వైపు?… తూర్పు. దాని వెనక?… గోడేనా? ఇంకేం గది లేదా?… ఇంటావిడతో ఆయన అన్నది చెప్తున్నాను, రాసుకో. 'మీటరు గదిలో ఉన్నాను. గదిలో అంటే గదిలో కాదు, లోపల గదిలో, మీటర్ల వెనక లోపలి గదిలోపల. ఇక్కడ వంగి నిలబడాలి, నడుం పోతోంది'… కాదు. 'మీటరు గదిలో ఉన్నాడు' అని చెప్పకు. కుదించకు. నేనే చెప్తున్నాను కదా, కుదించకు. మూడు లోపలలూ చెప్పు. నడుం సంగతి చెప్పు. ప్లానులో లేని గది ఒకటుంది, కప్పు కిందికుంది. గోడ తూర్పుకి పడెయ్యొద్దని చెప్పు. పరిగెత్తు. ఫోన్ కట్ చెయ్యకు.

అమ్మా… చెప్పాను. అన్నీ చెప్పాను… ఉంటాడా అంటే… నాకు తెలీదమ్మా. ఉంటాడు అనాలని ఉంది. నోటిదాకా వచ్చింది. పొద్దున ఒకసారి తెలియనిది తెలిసినట్టు రాశాను. రెండోసారి చెయ్యలేను… మీరు గోడౌన్ దగ్గరికి వెళ్ళండి. మరిదిగారి బండి ఉందిగా… ఎవరు? ఆసుపత్రిలో అందరూనా? 'మృతుడి భార్య' అంటున్నారా… కాదనండి. ఎవరితోనైనా సరే, ఇంకా కాదనండి… ఛార్జింగ్ లేదా. అయితే వెంటనే బయల్దేరండి. అక్కడ గేటు దగ్గర మా వాడు… హలో? అమ్మా… హలో…

— ఒరే, ఉన్నావా?… ఏమన్నాడు ఆఫీసరు?… పడమరకి. గోడకి తాళ్ళు కట్టారా… మీటరు గది వైపు మనుషుల్ని పంపారా… ఊఁ… ఏంటి? నెమ్మదిగా చెప్పు. 'చప్పుడు వచ్చింది' అన్నాడా, 'చప్పుడు లాంటిది వచ్చింది' అన్నాడా?… నువ్వు విన్నావా?… అయితే విన్నవాణ్ణి అడుగు. ఎంతమంది విన్నారో, ఎన్నిసార్లో. వెళ్ళు…

…

… ఆ, చెప్పు… ఇద్దరు. రెండుసార్లు. ఇనుము మీద కొట్టినట్టు… తర్వాత?… తర్వాత లేదు. ఎంతసేపైంది?… నాలుగు నిమిషాలు…

'సజీవంగా బతికే ఉన్నాడు' అని పెట్టాలా? నువ్వు మారవు రా… లేదు. పెట్టను. ఏదీ పెట్టను. ఆవిడ ఫోన్ ఆగిపోయింది. బండి మీద వస్తోంది. నువ్వు గేటు దగ్గర నిలబడు. టీవీవాళ్ళ కంటే ముందు నువ్వు కనబడాలి. నాకు చెప్పినట్టే చెప్పు. ఇద్దరు విన్నారని, రెండుసార్లని, ఇనుము మీద కొట్టినట్టుందని… ఆ, తర్వాత లేదన్నది కూడా. అదీ చెప్పాలి. నీ ఇష్టమొచ్చినంత పొడుగ్గా చెప్పు.

… నేనెక్కడికీ వెళ్ళను. లైన్ కట్ చెయ్యకు. ఫోన్ బల్ల మీద పెడుతున్నాను, అంతే.