ఫిన్‌బర్ ఓడిపోతే

వాన వెలిసిన గాల్వే పందెపు మైదానంలో, కంచె దగ్గర, గుర్రాలకు నాడాలు కొట్టే కోల్మన్ నిలబడి ఉన్నాడు. అందరూ డబ్బు కాసిన ఫిన్‌బర్ అనే గుర్రం గనక ఓడితే తనను పెళ్ళాడమని పక్కనున్న ఫిడెల్మాతో అప్పుడే అనేశాడు. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది.

"ఇదేం అడగడమయ్యా? నాలుగు యూరోలు కాస్తే ఒక్కటి లాభమొచ్చే గుర్రం, ఓడుతుందా?"

"ఓడదనేగా అడిగే ధైర్యం వచ్చింది."

ఆమె గుర్రాన్ని ఎగాదిగా చూసింది. "నన్నడిగితే దానికంత సీను లేదు."

"వరసగా అయిదు గెలిచింది."

"అవన్నీ గట్టినేల మీద. ఇవాళ బురద చూడు. పైగా ముందు కుడికాలు కుంటుతోంది."

"ఆ కాలికి నాడా కొట్టింది నేనే. భేషుగ్గా ఉంది."

"అసలు నువ్వెవరి పక్షమయ్యా?"

కోల్మన్ చెవులు ఎర్రబడ్డాయి.

గుర్రాలు ఉరికాయి. ఫిడెల్మా టోపీ తీసి ఊపుతూ, ఫిన్‌బర్ వెనకాల వస్తున్న ప్రతి గుర్రాన్నీ పేరుపెట్టి బతిమాలింది. ఫిన్‌బర్ అవలీలగా గెలిచింది.

"గెలిచేసింది," అన్నాడు కోల్మన్ నీరసంగా.

"గెలిస్తే గెలవనీ. ఈసారి గుర్రం ఊసెత్తకుండా అడుగు."