ఉప్పు లైటు

"మీ తమ్ముడు డారెన్ మాట విని చెడ్డాను! కొలను మిషన్ మీద ఉప్పు తక్కువని లైటు వెలిగినప్పుడల్లా నీళ్లలో బస్తా ఉప్పు పోయమన్నాడు. పోస్తూనే ఉన్నాను!"

పెర్త్ ఎండలో, నాచు పట్టిన ఈత కొలను గట్టున అతను భార్య మీద ఎగిరాడు. శనివారం కూతురి పుట్టినరోజు. పిల్లలంతా ఈతకే వస్తున్నారు.

"నీళ్లు నోట్లో వేసుకుని చూశావా? థూ! సముద్రమే నయం!" అంది భార్య.

"మరి లైటెందుకు వెలుగుతోందే?"

"ఉప్పు నుంచి క్లోరిన్ పుట్టించే ఆ గొట్టం విప్పు. అదిగో, రేకుల నిండా సున్నం! ఉప్పుందని దానికెలా తెలుస్తుంది పాపం?"

"యాసిడ్ తే! ఇదిగో పోశాను, చూడు, ఎలా పొంగుతోందో! సున్నమంతా ఊడిపోయింది!"

"ఇక సగం నీళ్లు తోడేసి, కొత్తవి పట్టు!"

శనివారానికి కొలను అద్దంలా మెరిసింది. పిల్లలు కేరింతలు కొడుతూ దూకారు.

"గెలిచామోయ్! అవునూ, ఆ ఉప్పునీళ్లు ఎటు వదిలావు?"

"పచ్చికకి. దండగ చెయ్యొద్దన్నాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, డారెన్!"

కంచె నుంచి బట్టల తీగ దాకా పచ్చికంతా మాడిపోయింది, ఇరవైనాలుగు చదరపు మీటర్లు.