సగం క్రాఫు

హలో… ఆ ఆ, నేనే వదినా. చెప్పండి.

…

పాసు వచ్చేసిందా! రేపేనా? పొద్దున్న ఆరింటికే బండి… అమ్మయ్య! అబ్బే, మావయ్యగారు వెళ్తున్నారని కాదు వదినా, పిల్ల పుట్టినరోజని ఒక్కపూటకొచ్చి లాక్‌డౌన్లో ఇక్కడే ఇరుక్కుపోయారు, నలభై రోజుల తరవాత సొంత కూతుర్ని చూస్తారు కదా అని…

…

సరే, కొంచెం అందుక్కూడా.

…

ఉండండి, ఆయనకి చెప్పేస్తా. మావయ్యగారూ! వదిన ఫోను! రేపు పొద్దున్న ఆరింటికి మీకు బండి వస్తుందట!… ఆ, తలూపారు. పేపరు దించకుండానే. నలభై రోజుల నాటి పేపరది. చదవడానికి కాదు, మొహానికి అడ్డం.

…

మాటలా? ఎక్కడ వదినా! నాలుగేళ్ళుగా మాట్లాడుకోని తండ్రీకొడుకులు, తలుపులు మూసేస్తే మాట్లాడేసుకుంటారా? ఒకే టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూచుంటారు. 'నీ మొగుణ్ణి మంచినీళ్ళు ఇటు జరపమను' అంటారు మీ నాన్నగారు. 'జరిపానని చెప్పు' అంటారు మీ తమ్ముడు. మధ్యలో నేను.

…

ఎందుకు చెప్పను, చెప్పాలి! లేకపోతే ఇద్దరూ నా మొహం చూస్తూ కూచుంటారు, అన్నం చల్లారిపోతుంది.

…

అదీ అయింది. మొన్న నోరు విప్పనని భీష్మించుకు కూచున్నా. మా పిల్లని మధ్యలో పెట్టుకున్నారు! అది ఫోన్లో క్లాసు వింటోంది, మైకు కట్టెయ్యలేదు. 'మీ నాన్నని ఫ్యాను తగ్గించమను', 'మీ తాతని దుప్పటి కప్పుకోమను'… ఆఖరికి వాళ్ళ టీచరు, 'ఇంతకీ ఫ్యాను తగ్గించారా తాతగారూ' అని అడిగిందట. క్లాసంతా ఒకటే నవ్వు.

…

మీకేం, నవ్వుతారు.

…

అదే, ఆ కుర్చీ గొడవే. ముప్పై ఏళ్ళు మావయ్యగారు వెనక నిలబడి కటింగులు చేసిన చెక్క కుర్చీ. ఒక్కమాట అడక్కుండా పాత సామాన్లవాడికి ఇచ్చేసి, షాపులో గుండ్రంగా తిరిగే కుర్చీలు వేయించారు మీ తమ్ముడు. తప్పే. పెళ్ళాన్నయి ఉండి చెప్తున్నా, తప్పే. కానీ కొత్త షాపులో నలుగురి ముందూ 'వీడిది కటింగు కాదు, గడ్డి కొయ్యడం' అనొచ్చా ఆయన?

…

ఆ, పని మీద అంత పట్టింపు. కుర్చీలో కూచున్న మనిషిని సగంలో ఎప్పుడూ లేపలేదటగా. మీరు పుట్టారని కబురొస్తే కూడా, చేతిలో ఉన్న తల పూర్తిచేశాకే ఆసుపత్రికి బయల్దేరారట!

…

మీకింకా కోపం పోలేదన్నమాట.

…

అసలిప్పుడు ఇద్దర్నీ చూడాలి వదినా. ఇంట్లో ఇద్దరు కటింగు చేసేవాళ్ళు, ఇద్దరి తలలూ అడవులు. ఎవరి వెనక జుట్టు వాళ్ళకి అందదు, ఒకళ్ళనొకళ్ళు అడగరు. మావయ్యగారు పిల్ల రబ్బరు బ్యాండు పెట్టుకుని తిరుగుతున్నారు. గులాబీ రంగుది.

…

ఫొటోనా! చంపేస్తారు నన్ను.

…

మీ తమ్ముడా? బాత్రూంలో ఉన్నారు. గుర్ర్ మని వినపడటం లేదూ, అది మిషనే. రెండద్దాలు పెట్టుకుని తన క్రాఫు తనే— ఇదేంటి, ఆగిపోయింది… ఏమండీ? ఏమైంది?

అయ్యో! అయ్యో అయ్యో!

…

ఆయనకేం కాలేదు, జుట్టుకయింది. చెవి పైన అరచెయ్యంత గుండు! నేను 'రేపు ఆరింటికి బండి' అని అరిచానే… అప్పుడే చెయ్యి జారిందట, సరిచెయ్యబోతే ఇంతయిందట.

…

అవును. విన్నారు. విని…

…

నాకూ అదే బెంగ వదినా. ఇలా మాట్లాడుకోకుండానే వెళ్ళిపోతే ఇంక ఈ గుమ్మం తొక్కరాయన. డెబ్భై రెండేళ్ళు. బయట రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నాం. నాకు భయంగా ఉంది. ఇందాక అమ్మయ్య అన్నానే గానీ… ఏదో నోటికొచ్చింది.

…

ష్… మెల్లగా మాట్లాడతా. వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నా. మీ తమ్ముడు హాల్లోకొచ్చారు. తువ్వాలు తలకి చుట్టుకున్నారు. జారిపోయింది… మావయ్యగారు చూశారు.

…

పేపరు మడిచారు. లేచారు… గదిలోకి వెళ్ళిపోయారు. అంతే వదినా. ఇంకేం లేదు. ఇంక మీరు ఆ బండి—

ఉండండి. వచ్చారు. చేతిలో కత్తెర డబ్బా! భోజనాల టేబుల్ దగ్గర నా కుర్చీ లాగి కిటికీ దగ్గర వేశారు. దులిపారు కూడా.

…

'అమ్మాయ్, నీ మొగుణ్ణి ఇక్కడ కూచోమను' అంటున్నారు.

…

పలకను. ఫోన్లో ఉన్నానుగా. ఈసారి చచ్చినా పలకను. పిల్ల నోరు కూడా మూసేశా, నా పక్కనే ఉంది.

…

ఇంకా నిలబడే ఉన్నారు ఇద్దరూ. నా వైపే చూస్తున్నారు… నేను పప్పుడబ్బా వైపు చూస్తున్నా.

…

కూచున్నారు! మీ తమ్ముడు కూచున్నారు వదినా! మావయ్యగారు తువ్వాలు మెడకి కట్టారు. చెవి పట్టుకున్నారు. 'కదలకు' అన్నారు.

…

నాతో కాదు! మీ తమ్ముడితో! నాలుగేళ్ళ తరవాత మొదటి మాట… 'కదలకు'.

…

'ఊఁ' అన్నారు.

…

లేదు, ఉల్లిపాయలు కాదు. ఏడుస్తున్నా. ఏడవకూడదా ఏంటి?

…

వినపడుతోందా కత్తెర? టిక్కు టిక్కుమని… ఫోను అటు పెడతా, వినండి.

…

'ఎవడు చేశాడిది, గడ్డి కోసినట్టుంది' అంటున్నారు మావయ్యగారు. 'మీరు నేర్పిందే' అన్నారు మీ తమ్ముడు. మళ్ళీ మొదలెట్టారు కర్మ!… కాదు. నవ్వుతున్నారు. ఇద్దరూ.

…

అదేంటి, ఆపేశారు. కత్తెర తుడిచి డబ్బాలో పెడుతున్నారు. ఇంకా ఎడంపక్క ముట్టుకోనేలేదు! ఏంటి మావయ్యగారూ, సగంలో…

…

వెలుతురు చాలటం లేదట. మిగతా సగం రేపు చేస్తారట.

…

మధ్యాహ్నం మూడయింది వదినా! ఎండ కిటికీలోంచి వచ్చి ఆయన మొహం మీదే కొడుతోంది!

…

ఆ… ఆరింటికి బండని చెప్పాగా. బాగానే విన్నారు.

…

వదినా? ఉన్నారా లైన్లో?

…

మీరూ ఏడుస్తున్నారా?

…

మరి ఆ బండివాడికి ఫోన్ చేసెయ్యండి. ఏం చెప్తారా? ఇంట్లో సగం తలతో మనిషి ఉన్నాడని చెప్పండి.

…

ఉంటాను. అన్నట్టు, కుర్చీ కిటికీ దగ్గర్నించి కదపొద్దని ఆర్డరేశారు, ఇద్దరూ ఒక్కసారే… ఇంకేం చేస్తా, నిలబడి తింటా. పెట్టేస్తున్నా.